దసరా తరువాత గోపాల్‌పూర్ సముద్రంలో ఉప్పదనం ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న (బరంపురం)
వేసవిలో గోపాల్‌పూర్‌లో సముద్రస్నానం చేస్తే ఒంటిమీద ఉప్పు తెల్లగా చారలు కడుతుంది. దసరా దాటాక అదే తీరంలో నీరు మడ్డిగా ఉంటుంది, నోటికి అంత ఉప్పగా తగలదు. రుషికుల్య వరద అనుకుందామంటే, మన వైపు వానలు సరిగా పడని ఏడు కూడా ఇదే తీరు. పైగా అరేబియా సముద్రం, బంగాళాఖాతం దాదాపు ఒకే అక్షాంశాలలో ఉన్నా తుఫానులు ఎక్కువగా మన వైపే పుడుతున్నాయి. ఈ రెండింటికీ సంబంధం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (ఛత్రపురం)
ఉందండి. సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్ల బంగాళాఖాతానికి ఉత్తరాన నేల అడ్డు; దక్షిణాన మాత్రమే అది హిందూ మహాసముద్రంలోకి తెరుచుకుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే నీటికి వాననీరు తోడై, ఆవిరయ్యే దానికంటే వచ్చి చేరేదే ఎక్కువవుతుంది. అరేబియా సముద్రంలో ఆవిరయ్యేదే ఎక్కువ. ఇక గోపాల్‌పూర్ సంగతి: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరప్రవాహం దక్షిణానికి సాగుతూ, గంగా బ్రహ్మపుత్రల నీటిని, మహానది నీటిని కలుపుకొని, తీరాన్ని అంటిపెట్టుకొని శ్రీలంక దిశగా పోతుంది. కాబట్టి మీ నోటికి తగిలినది ఒక్క రుషికుల్య నీరు కాదు. ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రవాహం ఉత్తరానికి తిరిగి, దక్షిణపు ఉప్పునీటిని తెస్తుంది.

జవాబు (పర్లాకిమిడి)
తుఫానుల విషయానికి వస్తే, తేలికైన మంచినీటి పొర పైన నిలిచి, గాలి ఎంత కలియబెట్టినా అడుగున ఉన్న చల్లని నీటిని సులభంగా పైకి రానీయదు. అందువల్ల తుఫానుకు కావలసిన వేడి తగ్గదు. అయితే అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. జూలైలోనూ నీరు వెచ్చగానే ఉంటుంది కానీ, కింది గాలులు ఒక దిక్కుకు, ఎత్తులోని గాలులు మరో దిక్కుకు బలంగా వీచడంతో తుఫాను నిలదొక్కుకోలేదు. దక్షిణ చైనా సముద్రం నుంచి బలహీనపడి వచ్చిన అల్పపీడనాలు ఇక్కడ మళ్లీ పుంజుకోవడమూ ఉంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ మనకు గుర్తే. రెండూ నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే కాలంలో వచ్చినవే.

ప్రశ్నించినవారు (బరంపురం)
ధన్యవాదాలు. అక్టోబరులో ప్రవాహం దక్షిణానికి పోతుంటే, రుషికుల్య మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర ఇసుకదిబ్బ ఉత్తరానికి ఎలా పెరుగుతోంది?

జవాబు (ఛత్రపురం)
ఆ దిబ్బను పెంచేది ఈ ప్రవాహం కాదు, కెరటాలు. నైరుతి కాలంలో దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును తాకే కెరటాలు ఇసుకను ఈశాన్యానికి నెడతాయి. మిగిలిన నెలల్లో కొంత వెనక్కి వచ్చినా, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి చేరేదే ఎక్కువ. చిలికా మొగ కూడా ఇలాగే జరుగుతూ పూడుకుపోవడం వల్లనే 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వవలసి వచ్చింది. రుషికుల్య వద్ద ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది మొగ పరిసరాల ఇసుకలోనే కనుక, దిబ్బ జరిగిన కొద్దీ అవి ఒడ్డెక్కే చోటు కూడా మారుతూ ఉంటుంది.