మహమ్మారి చూశాక ఐసీయూలో చేరాలా, వద్దా?

చివరి_సంవత్సరం:
మహమ్మారి వల్ల క్లినికల్ పోస్టింగులు (ఆసుపత్రిలో పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) ఆగిపోయి, చాలా ప్రొసీజర్లు మానికిన్ల (మనిషి బొమ్మల) మీదే నేర్చుకున్న నర్సింగ్ బ్యాచ్ మాది. క్లాసులో కొందరు ఐసీయూకే వెళ్తామంటున్నారు, కొందరు అసలు బెడ్‌సైడే వద్దు, కమ్యూనిటీ హెల్త్‌కో టీచింగ్‌కో వెళ్తామంటున్నారు. భయంతో తీసుకునే నిర్ణయం తప్పవుతుందా? తగ్గిన క్లినికల్స్ ప్రభావం ఉద్యోగంలో ఎంతవరకు కనిపిస్తుంది? చేరేముందు ఆసుపత్రిని ఏం అడగాలి?

ఐసీయూ_ఇన్‌చార్జి:
ముందు ఆ భయం దేని గురించో తేల్చుకోండి. జబ్బు అంటుకుంటుందని భయమా, పని రాదని భయమా? రెండింటికీ మందు వేరు.

మొదటిది శిక్షణతో చాలావరకు తగ్గుతుంది. ఎన్95 మాస్క్ ఇచ్చినంత మాత్రాన రక్షణ రాదు. మీ ముఖానికి ఏ మోడల్, ఏ సైజు సరిపోతుందో ఫిట్ టెస్ట్ చేసి చూడాలి. పెట్టుకున్న ప్రతిసారీ సీల్ చెక్ చేసుకోవాలి, అయితే సీల్ చెక్ చేశాం కదా అని ఫిట్ టెస్ట్ మానేయకూడదు. ఎక్కువ పొరపాట్లు జరిగేది పీపీఈ (మాస్క్, గౌన్ లాంటి రక్షణ సామగ్రి) విప్పేటప్పుడు. డ్యూటీ చివర్లో అలసిపోయిన చెయ్యి తెలియకుండానే మాస్క్ ముందుభాగం మీదికి పోతుంది, అక్కడ క్రిములు అంటుకుని ఉంటాయి. ముందు గ్లోవ్స్, తర్వాత గాగుల్స్, గౌన్. మాస్క్ మాత్రం గది బయటికొచ్చాకే, కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత, ముందుభాగం ముట్టుకోకుండా తీయాలి. చివర్లో చేతులు కడుక్కోవడం ఎలాగూ తప్పదు, మధ్యలో చేతికి ఏదైనా అంటిందనిపిస్తే అప్పుడే శుభ్రం చేసుకోవాలి. ఇది ఒకరు పక్కనుండి చూస్తుండగా పదేపదే చేస్తే చేతికి అలవాటవుతుంది.

రెండో భయానికి అర్థముంది. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి తల వైపు 30–45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, శ్వాసనాళంలో వేసిన ట్యూబ్ చుట్టూ ఉండే బెలూన్ (కఫ్) ప్రెజర్ 20–30 సెం.మీ. నీటి పీడనం మధ్య ఉండాలి, సక్షన్ (ట్యూబ్‌లోంచి కఫం పీల్చి తీయడం) ఒక్కోసారికి 15 సెకన్లు దాటకూడదు. ఈ అంకెలు పుస్తకంలో ఉంటాయి. సక్షన్ మధ్యలో ఆక్సిజన్ శాచురేషన్ పడిపోతుంటే ఎప్పుడు ఆపాలో, ప్రోన్ చేయడానికి (బోర్లా పడుకోబెట్టడానికి) పేషెంట్‌ని తిప్పేటప్పుడు తల దగ్గరున్న మనిషి ట్యూబ్ పట్టుకుని మిగతావాళ్ళకి ఎలా చెప్పాలో బెడ్ పక్కనే వస్తుంది. ఐసీయూ ఇష్టమైతే దీనికోసం మానుకోకండి, నేర్పించే చోటు వెతుక్కోండి.

స్కిల్_ల్యాబ్_ట్యూటర్:
క్లినికల్స్ విషయం కాస్త వివరంగా చెప్తాను. అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, సగం వరకు క్లినికల్ గంటల బదులు మంచి సిమ్యులేషన్ (నిజమైన పరిస్థితిని పోలిన ల్యాబ్ సాధన) పెట్టినా విద్యార్థుల సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అక్కడ శిక్షణ పొందిన అధ్యాపకులున్నారు, ప్రతి సెషన్ తర్వాత డీబ్రీఫింగ్ (ఏం బాగా చేశాం, ఏం తప్పు చేశాం అనే చర్చ) ఉంది. హడావిడిగా పెట్టిన వీడియో క్లాసులని దానితో పోల్చుకుని ధైర్యపడొద్దు.

ఇలాంటి బ్యాచ్‌లకి సాధారణంగా లోటు పడేది ఐవీ పెట్టడం, క్యాథెటర్ వేయడం లాంటివి కాదు, అవి కొన్నిసార్లు చేస్తే వచ్చేస్తాయి. ఒకేసారి నలుగురైదుగురు పేషెంట్లుంటే ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలి, రాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి పరిస్థితి, నేపథ్యం, మీ అంచనా, మీకేం కావాలో వరసగా ఎలా చెప్పాలి, హ్యాండోవర్‌లో (తర్వాతి షిఫ్టుకి పేషెంట్‌ని అప్పగించేటప్పుడు) ఏది వదలకూడదు, వెనకబడేది వీటిలో. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: సొంతంగా చేసినవి, పక్కనుండి చూసినవి, క్లాసులో విన్నవి. నిజాయితీగా నింపి మొదటిరోజే ప్రీసెప్టర్ (కొత్తవాళ్ళకి పక్కనుండి పని నేర్పే సీనియర్ నర్సు) చేతికివ్వండి. చాలామంది సిగ్గుపడి దాస్తారు, దానివల్ల రాని పని కూడా ఒంటరిగా చేయాల్సి వస్తుంది.

కమ్యూనిటీ_నర్సు:
పై ఇద్దరూ వదిలేసినది ఒకటుంది. వైద్య నీతిశాస్త్రవేత్త ఆండ్రూ జేమ్‌టన్ 1984లో ‘మోరల్ డిస్ట్రెస్’ (నైతిక వేదన) అని పేరు పెట్టింది దీనికే. ఏం చేయాలో తెలుసు, చేయనిచ్చే పరిస్థితి లేదు. చనిపోతున్న మనిషి దగ్గరికి ఇంటివాళ్ళని రానివ్వకపోవడం, ఇద్దరిని చూసేచోట ఆరుగురిని చూడటం. విద్యార్థులు దీన్ని మోసుకొచ్చి ‘నేను నర్సింగ్‌కి పనికిరాను’ అనుకుంటారు. ఆ లోపం మీది కాదమ్మా. ఒంటి అలసట సెలవిస్తే తీరుతుంది. ఇది మాత్రం అలాంటి సందర్భం మళ్ళీ ఎదురైతే మునుపటికన్నా గట్టిగా లేస్తుంది. మాట్లాడి తేల్చుకోకుండా విభాగం మారితే వెంటే వస్తుంది.

ఇంకోటి, కమ్యూనిటీ హెల్త్ సురక్షితమైన మూల అనుకుని రాకండి. మహమ్మారిలో ఇంటింటికీ తిరిగి కాంటాక్టులని వెతికేది, 2–8 డిగ్రీల మధ్య వ్యాక్సిన్ చెడిపోకుండా చివరి ఇంటిదాకా చేర్చేది, వద్దని తలుపేసుకున్నవాళ్ళని ఒప్పించేది మేమే. ఆ పని ఇష్టమైతే రండి, మనుషులు చాలా కావాలి.

చివరి_సంవత్సరం:
ధన్యవాదాలండీ. స్టాఫ్ కొరత ఉంది, ఓరియంటేషన్ తగ్గించి వెంటనే చేరమంటే ఏం చేయాలి?

ఐసీయూ_ఇన్‌చార్జి:
ఏ పనులు మీ ఒక్కరికే అప్పగించరో రాతపూర్వకంగా అడగండి: వెంటిలేటర్ పేషెంట్, ఐవీ ద్వారా ఎక్కించే గుండె మందులు, రక్తం ఎక్కించడం. రాత్రిపూట ఒక నర్సుకి ఎంతమంది, ప్రీసెప్టర్ అదే షిఫ్టులో ఉంటారా, వేరే వార్డుకి పంపితే మొదట్లో వద్దనే హక్కుందా, ఫిట్ టెస్ట్ చేయిస్తారా, డ్యూటీలో జబ్బు అంటితే జీతంతో సెలవిస్తారా, ఇవి కూడా. హెచ్‌ఆర్ జవాబుతో ఆగకండి, వీలైతే అదే వార్డులో గత ఏడాది చేరినవాళ్ళతో మాట్లాడండి. ‘ముందు చేరండి, తర్వాత చూద్దాం’ అంటే అక్కడ చేరకండి. ముందు జనరల్ మెడికల్ వార్డులో చేసి ఐసీయూకి మారినా ఏమీ పోదు, పైగా పేషెంట్ దిగజారుతున్నాడని శ్వాస వేగం చూసి పసిగట్టడం అక్కడే వస్తుంది.