ఇంట్లో గడియల ప్రార్థన: శనివారం సాయంత్రం కార్యక్రమానికి వలంటీర్ల ప్లానింగ్

సమన్వయం

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. వచ్చే నెల మొదటి శనివారం మన విచారణ (పారిష్) హాల్ మనకు ఖాయమైంది. సాయంత్రం 6 గంటలకు తలుపులు తీస్తారు, 9 కల్లా సర్దేసి తాళాలు అప్పగించాలి. విషయం పోయిన మీటింగ్‌లో అనుకున్నదే: ఉద్యోగాలు, పిల్లలు, ఇంటిపని, వీటన్నిటి మధ్య గడియల ప్రార్థన, అంటే రోజులోని వేళల ప్రకారం శ్రీసభ (కతోలిక చర్చి) అంతా కీర్తనలతో చేసే ప్రార్థన, ఎలా మొదలుపెట్టాలి?

నా ఆలోచన ముందే చెప్తాను, కాదనిపిస్తే మొహమాటం లేకుండా రాయండి. ఆ రాత్రి ఇంటికెళ్లే ప్రతి కుటుంబానికీ ఒక్క ప్రార్థన పూర్తిగా వచ్చి ఉండాలి. అది రాత్రి ప్రార్థన. ఏ వేళకు ఏ పేరు, నాలుగు వారాల కీర్తనల క్రమం, పండుగలు వస్తే ఏ పేజీకి వెళ్లాలి, ఇవన్నీ మొదటి రోజే చెప్పేస్తే చాలామందికి ‘ఇది మావల్ల అయ్యే పని కాదు’ అనిపిస్తుంది. నిజానికి అవుతుంది. ఒక చివర నుంచి పట్టుకోవాలంతే.

రాత్రి ప్రార్థనే ఎందుకంటే, అది చిన్నది, దాని నిర్మాణం రోజూ ఒకటే. కీర్తనలు మాత్రం రోజును బట్టి మారతాయి. అయితే కంఠతా పట్టి చెప్పుకోవాలనుకునేవాళ్లు రోజూ ఆదివారం కీర్తనలే వాడుకోవచ్చని గడియల ప్రార్థన సాధారణ నియమావళిలోనే అనుమతి ఉంది. కుటుంబాలకు ఇది పెద్ద వరం. ఆదివారానికి ముందు రాత్రి, అంటే సరిగ్గా మన శనివారం రాత్రి, వచ్చేవి 4వ కీర్తన, 134వ కీర్తన. మొదటిది 8 వచనాలు, రెండోది 3 వచనాలు. ఆ రాత్రి పఠనం ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం, 4 నుంచి 7 వచనాలు. నీ దేవుణ్ని పూర్ణహృదయంతో ప్రేమించు, ఈ మాటలు నీ పిల్లలకు నేర్పు, ఇంట్లో కూర్చున్నా దారిలో నడుస్తున్నా, పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ వీటి గురించి మాట్లాడు అనేదే అందులోని మాట. మన సాయంత్రానికి వేరే అంశం వెతుక్కోనక్కర్లేదు.

‘ఇది గురువులూ (ఫాదర్లూ) సిస్టర్లూ చేసేది కదా, మనకెందుకు’ అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి ఐదు నిమిషాలు చాలు. 1963లో రెండవ వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కతోలిక బిషప్పుల సభ) ఆరాధన మీద ఇచ్చిన పత్రంలోనే గృహస్థులు, అంటే మనలాంటి మామూలు విశ్వాసులు కూడా గురువులతో కలిసి గానీ, తమలో తాము గానీ, ఒంటరిగా గానీ ఈ ప్రార్థన చేయాలని ప్రోత్సహించింది. ఆ తర్వాత వచ్చిన నియమావళి కుటుంబాన్ని గృహ శ్రీసభగా, అంటే ఇంట్లోని చిన్న చర్చిగా చూస్తూ, వీలున్నప్పుడు ఇందులో కొన్ని భాగాలు కుటుంబమంతా కలిసి చేయడం తగినదని చెప్పింది. ‘కొన్ని భాగాలు’, ‘వీలున్నప్పుడు’, ఈ రెండూ గట్టిగా చెబుదాం. చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఆ మాటలు వినబడాలి.

పాటల బృందం

అన్నా, ప్లాన్ బాగుంది కానీ సాయంకాల ప్రార్థనను పక్కన పెట్టడం నాకు మనసొప్పడం లేదు. రోజువారీ ప్రార్థన మొత్తం ఉదయ, సాయంకాల ప్రార్థనలనే రెండు ఇరుసుల మీద తిరుగుతుందని మహాసభే చెప్పింది. పైగా సాయంకాల ప్రార్థనలో మరియమ్మ గీతం ఉంది. లూకా సువిశేషం మొదటి అధ్యాయంలోని ఆ పాటను లేచి నిలబడి, సిలువ గుర్తు వేసుకుని పాడుతుంటే కలిగే ఆనందం మనవాళ్లకు తెలియాలి. రాత్రి ప్రార్థనతో మొదలుపెడితే అక్కడే ఆగిపోతారేమో అని నా భయం.

సమన్వయం

అక్కా, మీరన్నది నిజం. ప్రాధాన్యం చూస్తే ఆ రెండే ముందు. కానీ సాయంత్రం ఆరు, ఏడు గంటలకు మన ఇళ్లలో ఎవరు ఎక్కడుంటారో మీకు తెలుసు. ఒకరు ఇంకా ఆఫీసులో, ఒకరు దారిలో, పిల్లలు ఆటల క్లాసులో. అందరూ ఒకే కప్పు కింద ఉండేది పడుకోబోయే ముందే.

ఇలా చేద్దామా? శనివారం సాయంత్రం వచ్చేది ఆదివారపు మొదటి సాయంకాల ప్రార్థన. 6.15కి మీ బృందం దాన్ని పాటలతో నడిపించండి. వివరణలు వద్దు, నేర్పడం వద్దు, ప్రార్థనగానే చేద్దాం. రుచి తెలుస్తుంది. ఆ తర్వాత రాత్రి ప్రార్థన నేర్పుదాం, 8.15కి అందరం కలిసి అదే చేసి ఇళ్లకు వెళ్దాం.

పాటల బృందం

ఇది చాలా బాగుంది. మరియమ్మ గీతం అందరూ అందుకోగలిగే సులువైన బాణీలో సిద్ధం చేస్తాం. చివర మరియతల్లి పాట కూడా మాదే.

పిల్లల విభాగం

నాదొక గట్టి విన్నపం. దయచేసి పిల్లల్ని పక్క గదికి పంపొద్దు. రంగులు, కాగితాలు ఇచ్చి వాళ్లను వేరే కూర్చోబెట్టి, తల్లిదండ్రులకు మాత్రం ‘పిల్లలతో ప్రార్థన ఎలా’ అని చెప్పడంలో అర్థం లేదు. గోల అవుతుంది, అవనివ్వండి. ఇంట్లో కూడా అలాగే ఉంటుంది కదా.

పిల్లలకు చేయడానికి పని ఉండాలి. ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ‘దేవా, నన్ను ఆదుకోవడానికి రమ్ము’ అని మొదలుపెట్టాలి, మిగతావాళ్లు జవాబు చెప్పాలి. చదవడం వచ్చిన పిల్ల పఠనం చదవాలి. తెలుగు చదవడం రాకపోతే తనకు వచ్చిన భాషలోనే చదవనివ్వండి, వాక్యం వాక్యమే. ‘ప్రభూ, నీ చేతులకు నా ఆత్మను అప్పగిస్తున్నాను’ అనే జవాబు పిల్లలకు తొందరగా వచ్చేస్తుంది. సిలువ మీద యేసు పలికిన మాట అదేనని చెబితే ఇక మర్చిపోరు.

కీర్తన చెప్పే పద్ధతి మాత్రం నిదానంగా నేర్పాలి. ప్రతి వచనం రెండు సగాలుగా ఉంటుంది. మొదటి సగం అయ్యాక ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగాలి. రెండో సగం అయ్యాక ఆగకుండా ఎదుటివాళ్లు అందుకోవాలి. మనకు అలవాటైంది దీనికి తలకిందులు, వచనం మొత్తం గబగబా చదివేసి చివర ఆగుతాం. మధ్యలో ఆగడం వచ్చిందంటే గొంతులు వాటంతటవే కలుస్తాయి. పెద్దగా అరిచేవాళ్లు తగ్గుతారు, మెల్లగా చెప్పేవాళ్లు వినబడతారు. 134వ కీర్తన మీద దీన్ని రెండుసార్లు ప్రాక్టీస్ చేయిద్దాం. మూడు వచనాలే కాబట్టి ఎవరూ విసుక్కోరు.

ఇంకొకటి. ప్రారంభంలో ఆత్మపరిశీలన ఉంటుంది. అక్కడ మౌనమే ఉండాలి. ‘నువ్వు ఇవాళ చెల్లిని కొట్టావు, అది చెప్పు’ అని అమ్మానాన్నలు అందించడం మొదలుపెడితే, ప్రార్థన అంటేనే పిల్లలకు టెన్షన్ పట్టుకుంటుంది. ఎవరి రోజును వాళ్లు దేవుడి ముందు చూసుకుంటారు. పెద్దలు కూడా తమ రోజును చూసుకుంటున్నారని పిల్లలకు తెలిస్తే చాలు.

చివరి మాటలో ప్రశాంతమైన రాత్రితో పాటు మంచి మరణం కూడా కోరుకుంటాం. పిల్లల ముందు ఆ మాట ఎందుకని కొందరు దాటేస్తారు. దాటేయొద్దని నా మనవి. పిల్లలు అడుగుతారు, అప్పుడు తల్లిదండ్రులు తమకు తెలిసినంతలో జవాబు చెప్తారు. అలాంటి మాట ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

హాల్ ఏర్పాట్లు

పిల్లల విభాగం అక్క రాసిన పద్ధతికి కుర్చీలు వేదిక వైపు కాకుండా రెండు వైపులా ఎదురెదురుగా వేయాలి. మధ్యలో స్ట్రాలర్లు పట్టేంత దారి వదులుతాను. కీర్తనలకు మైక్ వద్దు. మైక్ ఒకరి చేతిలో ఉంటే మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు.

వలంటీర్, నైట్ డ్యూటీ కుటుంబం

నేను నర్సుగా చేస్తాను, మా ఆయనది కూడా షిఫ్టు ఉద్యోగమే. మాలాంటివాళ్లు ఈ సంఘంలో చాలామంది ఉన్నాం. ‘అందరూ ఒకే కప్పు కింద’ అన్నారు, మాకు అది కుదరని రోజులే ఎక్కువ. కాబట్టి ఆ సాయంత్రం మా గురించీ ఒక మాట చెప్పాలి. రాత్రి ప్రార్థనకు గడియారం లెక్క లేదు. పడుకునే ముందు, అర్ధరాత్రి దాటినా సరే, చేసుకోవచ్చని నియమావళిలోనే ఉంది. ఆయన పిల్లలతో ఇంట్లో చెప్తారు, నేను డ్యూటీ దిగి వచ్చాక ఒక్కదాన్నే అవే కీర్తనలు చెప్పుకుంటాను. వేళ వేరైనా ప్రార్థన ఒకటే కాబట్టి నేను విడిగా ఉన్నానని నాకెప్పుడూ అనిపించదు.

శుక్రవారం రాత్రి కీర్తన గురించి కూడా అడుగుదామనుకుంటున్నా. పుస్తకం ప్రకారం అది 88వ కీర్తన. మొదటి నుంచి చివరి వరకు మొరే. ఇతర విలాప కీర్తనల్లో చివర ఎక్కడో ఒక ఆశ కనబడుతుంది, ఇందులో మాత్రం చీకటితోనే ముగుస్తుంది. చిన్నపిల్లలతో అయితే ఆదివారం కీర్తనలే మేలు, ఒప్పుకుంటాను. కానీ ఇంట్లో జబ్బు, చావు చూసినవాళ్లకు, దూరదేశంలో ఉండి అమ్మానాన్నల చివరి చూపుకు వెళ్లలేకపోయినవాళ్లకు ఆ కీర్తన ఒకటుందని తెలియాలి. రోజూ వార్డులో చూసే మనుషుల కోసం నేను దాన్ని చెప్తాను. నా బాధ కాకపోయినా ఆ రాత్రి ఎవరిదో ఒకరిది అవుతుంది. గడియల ప్రార్థన నాకు నేర్పింది ఇదే. మన మూడ్‌ను బట్టి కీర్తన ఎంచుకోం, వచ్చిన కీర్తనను శ్రీసభ అంతటితో కలిసి చెప్తాం.

సమన్వయం

చెల్లీ, ఇదే మాట ఆ సాయంత్రం మీరే చెప్పాలి. పది నిమిషాలు మీకు ఇస్తున్నాను. ఇంట్లో వీలు చూసుకుని ఒప్పుకోండి.

ప్రింటింగ్, పుస్తకాలు

రెండు చిక్కులు ఉన్నాయి. ఎవరి బైబిల్ వాళ్లు తెచ్చుకోమంటే ఒక్కో ఇంట్లో ఒక్కో అనువాదం ఉంటుంది, కలిసి చెప్పేటప్పుడు మాటలు కలవవు. మనమే ఒక కాగితం అచ్చు వేద్దామంటే అనువాదాల మీద హక్కులు ఉంటాయి, తెలుగుకైనా ఇంగ్లిష్‌కైనా. ప్రార్థన కాగితమే కదా అని ఊరుకోకూడదు. విచారణ ఆఫీసు ద్వారా అనుమతికి రాస్తున్నాను. వస్తే ఒకే షీటు, ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లిష్. అనుమతి ఆలస్యమైతే విచారణలో ఉన్న ఒకే రకం బైబిళ్లు అడిగి తెచ్చి, ఇద్దరికొకటి ఇద్దాం.

అక్షరాలు పెద్దవిగా వేయిస్తాను. ఇంట్లో లైట్లు తగ్గించి చదువుకునేవాళ్లుంటారు.

ఫోన్ యాప్‌ల గురించి అడుగుతారు. ఐబ్రీవియరీ, యూనివర్సాలిస్ లాంటివి ఆ రోజు ప్రార్థనను వరుసగా ముందు పెడతాయి, పేజీలు వెతికే పని ఉండదు. బస్సులో, డ్యూటీ బ్రేక్‌లో ఒంటరిగా చేసుకునేవాళ్లకు అవి మంచి సాయం. పిల్లలతో కలిసి చేసేటప్పుడు మాత్రం కాగితమే నయం అంటాను. మధ్యలో ఒక మెసేజ్ వచ్చిందంటే అందరి కళ్లూ అటే పోతాయి.

కీర్తనల నంబర్ల గురించి కూడా షీటు మీద ఒక మాట రాస్తాను. పాత లాటిన్ లెక్క వాడే పుస్తకాల్లో చాలా కీర్తనలకు ఒక నంబరు తక్కువ ఉంటుంది, 91వది అక్కడ 90వది. తెలియకపోతే తప్పు కీర్తన తెరుస్తారు.

పాటల బృందం

ఫాదర్ గారు ఆ సాయంత్రం వేరే విచారణలో పూజ ముగించుకుని 8 దాటాకే వస్తారట. మరి సాయంకాల ప్రార్థనకు ఎవరు నాయకత్వం వహిస్తారు? నాకు సందేహంగా ఉంది.

సమన్వయం

గురువుగానీ డీకన్‌ (గురువు తర్వాతి స్థాయిలో అభిషేకం పొందినవారు) గానీ లేనప్పుడు మనలో ఒకరు నడిపించవచ్చు. అయితే సమానుల్లో ఒకరిగానే. బలిపీఠం దగ్గర నిలబడకూడదు, ‘ప్రభువు మీతో ఉండునుగాక’ అని పలకరించకూడదు, జనాన్ని దీవించకూడదు. చివర ‘ప్రభువు మనల్ని దీవించి, సమస్త కీడు నుంచి కాపాడి, నిత్యజీవానికి నడిపించుగాక’ అని తననూ కలుపుకుని అందరి కోసం అడగాలి. ఇంట్లో అమ్మ నడిపినా, నాన్న నడిపినా ఇదే పద్ధతి. అందుకే ఫాదర్ గారు ఆలస్యంగా రావడం ఒక రకంగా మంచిదే అనుకుంటున్నాను, ఇంట్లో ఎలా ఉంటుందో అందరూ చూస్తారు. రాత్రి ప్రార్థనకు ఆయన ఉంటారు కాబట్టి చివరి దీవెన ఆయనదే.

వలంటీర్, కొత్తగా చేరినవారు

నమస్కారమండీ. నేను అడగబోయేది చాలామంది మనసులో ఉంటుందనుకుంటాను. మొదలుపెట్టి కొన్నాళ్లకు మానేస్తే? వారం పాటు కుదరకపోతే అవన్నీ మళ్లీ చెప్పుకోవాలా?

సమన్వయం

అక్కర్లేదండీ. దీన్ని తప్పనిసరి బాధ్యతగా స్వీకరించింది గురువులు, డీకన్లు, కొన్ని మఠాలవారు. గృహస్థులకు ఇది ఆహ్వానం, నిర్బంధం కాదు. నిన్నటి ప్రార్థన నిన్నటి వేళకు చెందింది, దాన్ని ఇవాళ పూడ్చుకునే పని లేదు. ఈ రాత్రి వచ్చే ప్రార్థన ఈ రాత్రి చేసుకోవడమే. బిడ్డకు జ్వరం వస్తే మరియతల్లి పాట ఒక్కటే పాడి పడుకోబెట్టండి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టండి. మీ ప్రశ్న ఆ సాయంత్రం హాల్లో కూడా అడగండి, దయచేసి.

అన్నట్టు, కార్యక్రమం అయిపోయాక కుటుంబాలను వదిలేయకూడదు. ఒక్కో వలంటీర్ నాలుగైదు కుటుంబాలను తీసుకుని, రెండు వారాల తర్వాత ఫోన్ చేసి ఎలా సాగుతోందో అడగాలి. ‘చేస్తున్నారా లేదా’ అని లెక్క అడిగినట్టు కాదు, ఎక్కడ ఇబ్బందిగా ఉందో వినడానికి. దీనికి పేర్లు కావాలి.

పిల్లల విభాగం

ఐదు కుటుంబాలు నాకు రాయండి. చంటిపిల్లలున్న ఇళ్లు ఇస్తే ఇంకా మంచిది.

హాల్ ఏర్పాట్లు

నాకు మూడు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి హాల్ ఒక గంట ఖాళీగా ఉందట, రిహార్సల్‌కు అడిగి పెట్టాను. పాటల బృందం, పఠనం చదివే పిల్లలు వస్తే సరిపోతుంది. కుర్చీలు అప్పుడే ఎదురెదురుగా వేసి చూద్దాం.