గ్రహాల దారిలో జ్యామితి నిజంగా ఉందా, మనం ఊహించుకుంటున్నామా?

ప్రశ్న:
ఇంటర్‌లో శాంకవాలు చదివేటప్పుడు దీర్ఘవృత్తం సమీకరణాన్ని పరీక్ష కోసం బట్టీపట్టాను. అంగారకుడు సరిగ్గా ఆ వక్రం మీదే తిరుగుతాడని తరవాత తెలిసినప్పుడు పట్టుకున్న సందేహం ఇంకా వదలలేదు. శంకువును ఏటవాలుగా కోస్తే వచ్చే ఆ ఆకారాన్ని గ్రీకు గణితవేత్త అపొలోనియస్ క్రీస్తుపూర్వమే శోధించాడు. అది గ్రహాల దారి అవుతుందని ఆయన అనుకోలేదు. మరి ఆకాశంలో ఎలా సరిపోయింది? సృష్టికి పునాది రేఖలూ సంఖ్యలేనా, లేక మన కొలబద్దను మనమే దాని మీద మోపుతున్నామా?

జవాబు 1:
మీ సందేహానికి ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ జీవితమే జవాబని నా నమ్మకం. అప్పటికి తెలిసిన ఆరు గ్రహాల మధ్య ఐదు క్రమ ఘనరూపాలు (ఘనంలా ముఖాలన్నీ ఒకేలా ఉండే ఆకారాలు) ఇమిడి ఉన్నాయని 1596లో ఆయన ప్రకటించాడు. అది ఎంతో అందమైన ఊహ, కానీ తప్పు. ఆ తరవాత వృత్తాన్నే ఆధారం చేసుకుని, ఏళ్ల తరబడి శ్రమపడి అంగారకుడికి కట్టిన నమూనా, దూరదర్శిని లేని కాలంలో ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ చేసిన పరిశీలనలతో 8 కళలు తేడా వచ్చింది. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ కాబట్టి, అది పున్నమి చంద్రుడి వెడల్పులో పావు వంతు మాత్రమే. అంత చిన్న తేడాను సర్దేసుకోకుండా, తన లెక్కనే తప్పుపట్టుకుని, 1609లో దీర్ఘవృత్తాన్ని ప్రకటించాడు. కొలబద్దను మనం మోపేమాటే అయితే వృత్తమే నెగ్గి ఉండేది.

జవాబు 2:
వృత్తానికీ ఈ దీర్ఘవృత్తానికీ ఉన్న తేడా ఎంత సూక్ష్మమో చేత్తో గీసి చూడండి. కాగితం మీద 9.3 మిల్లీమీటర్ల ఎడంలో రెండు గుండుసూదులు గుచ్చి, 109 మిల్లీమీటర్ల చుట్టుకొలత గల దారపు ఉచ్చును వాటికి తగిలించి, పెన్సిల్‌తో బిగలాగి తిప్పితే అంగారకుడి కక్ష్య వస్తుంది. పొడవు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 99.6. ఆ తేడా పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది. సూర్యుడుండే సూది మాత్రం కేంద్రానికి దాదాపు 5 మిల్లీమీటర్లు పక్కకు ఉండటం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక సంఖ్య సంగతి. భూమి దూరాన్ని 1 అనుకుంటే అంగారకుడి సగటు దూరం 1.524, పరిభ్రమణ కాలం 1.881 సంవత్సరాలు. మొదటిదాని ఘనమూ రెండోదాని వర్గమూ 3.54 దగ్గరే కలుస్తాయి. గురుగ్రహానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇలా ఎందుకు జరుగుతుందో 1687లో న్యూటన్ చూపించాడు: దూరం వర్గానికి విలోమంగా తగ్గే ఆకర్షణ ఉంటే ఆ వక్రమూ ఈ నిష్పత్తీ రెండూ వచ్చి తీరతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. దారంతో గీసి చూశాను, వృత్తం కాదంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అయితే ఆ దీర్ఘవృత్తమే చివరి మాటా?

జవాబు 1:
కాదండీ. మీరు రాసిన "సరిగ్గా" అన్న మాటను సవరించుకోవాలి. మిగతా గ్రహాల లాగుడు వల్ల ఏ కక్ష్యా అచ్చమైన దీర్ఘవృత్తం కాదు. బుధుడి విషయంలో ఆ లాగుళ్లన్నీ లెక్కకట్టినా కక్ష్య మెల్లగా తిరగడంలో శతాబ్దానికి 43 వికలల (వికల అంటే కళలో అరవయ్యో వంతు) కదలిక మిగిలిపోయింది. అది 1915లో ఐన్‌స్టీన్ సమీకరణాల్లో తేలింది. అందుకు ఆయన ఆధారం చేసుకున్నది, వంపు తిరిగిన ప్రదేశాల గురించి 1854లో గణితవేత్త రీమాన్ ప్రతిపాదించిన జ్యామితి. అపొలోనియస్ లాగే రీమాన్ కూడా బుధుడి కోసం దాన్ని కట్టలేదు.