బందరు ముట్టడి ఆటలో పేటకు ఏ పాత్ర ఇవ్వాలి?

బందరురోడ్డు (విజయవాడ):
1759 నాటి మచిలీపట్నం ముట్టడిని బల్ల మీద ఆడడానికి మేము నలుగురం తయారు చేసుకున్న ఆటలో పోయిన ఆదివారం ఒక పేచీ వచ్చింది. సముద్రం పక్కన బురద నేలలో కోట, దానికి వాయవ్యంగా మైలున్నర దూరంలో ఊరు, అంటే పేట, రెంటినీ కలుపుతూ బురద మీదుగా ఒక కట్ట దారి. అగ్గిపెట్టెలు పేర్చి పేటను కట్టి, ఆ ఇళ్ళలో నిలిచిన దళానికి పాచికలో రెండు కలపాలని నియమం రాసుకున్నాము. ఫ్రెంచి పక్షం ఆడిన మిత్రుడు ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ సైన్యమంతటినీ తెచ్చి ఆ అగ్గిపెట్టెల మధ్య పెట్టాడు. కోటను ముట్టడించిన ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ పక్షం ఆడిన నేను ఎనిమిది విడతలు వీధివీధినా పోరాడి ఓడిపోయాను. (ఉక్రోషంతో రాస్తున్నానని మీరు అనుకుంటే అందులో కొంత నిజముంది.) నిజానికి ఫోర్డ్ రాగానే ఫ్రెంచివారు పేటను వదిలి కోటలోకి వెళ్ళిపోయారు కదా, ఆ వీధిపోరును మన ఆటలోకి ఎందుకు తెచ్చుకోవాలి?

అరండల్‌పేట (గుంటూరు):
జరగనిది జరిపి చూడడానికే కదండీ ఆడేది. పేటను వదలడం కాన్‌ఫ్లాన్స్ నిర్ణయం. దానిని ఆటగాడి చేతిలో నుంచి లాగేసుకుంటే ఇక పాచికలెందుకు?

బందరురోడ్డు:
నిర్ణయం అతనిదే, కాదనను. అయితే దానికి తగిన మూల్యం కూడా ఉండాలి. వెనుక కట్ట దారి తెగితే పేటలో ఉన్నవారికి కోట దక్కదు, కోటకు వారు దక్కరు.

సత్యనారాయణపురం (విజయవాడ):
మీరిద్దరూ పేటను గోడల లెక్కలోనే చూస్తున్నారు. నేను మొదట డబ్బు లెక్కలో చూశాను: అద్దకం బట్టల వర్తకంతో పేరు మోసిన రేవు కాబట్టి, పేట ఎవరి చేతిలో ఉంటే వారికి విడతకు ఇన్ని రూపాయల బిళ్ళలు ఇవ్వాలని ఒక నియమం రాసి, మళ్ళీ నేనే కొట్టేశాను. పేట చేజిక్కిన తరువాతనే, మార్చి నెలలో, ఫోర్డ్ సైనికులు తమకు రావలసిన సొమ్ము కోసం ఆయుధాలతో తిరగబడ్డారు. ఊరు వశమైనా అతని ఖజానా ఖాళీగానే ఉంది.

పేట అసలు ఉపయోగం ఏప్రిల్ 7 రాత్రి కనబడుతుంది. మందుగుండు రెండు రోజులకు మించి లేదు, ఫ్రెంచివారి పక్షాన ఉన్న నిజాం సలాబత్ జంగ్ సైన్యం మన బెజవాడ దాకా వచ్చి కూర్చుంది. (ఈ ఆటలో మన ఊరు పటం అంచున ఒక బాణం గుర్తు మాత్రమే, ఏం చేస్తాం!) ఆ రాత్రి ఫోర్డ్‌కు తోడుగా ఉన్న విజయనగరం రాజు ఆనంద గజపతి మనుషులు పేట వైపు నుంచి కట్ట మీదుగా అలజడి చేస్తూ వచ్చారు, ఫోర్డ్ కింది అధికారి నాక్స్ దళం మరో పక్కన బురదలో దిగింది, అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. తెల్లవారేసరికి కాన్‌ఫ్లాన్స్ లొంగిపోయాడు. పట్టుబడిన యూరోపియన్లే దాదాపు 500 మంది, అంటే ఫోర్డ్ వెంట ఉన్న యూరోపియన్ల కంటే ఎక్కువ. కాబట్టి పేటకు రక్షణ అంకె తీసేసి, అది ఎవరి చేతిలో ఉంటే వారు కట్ట మీద ఒక బిళ్ళను బోర్లించి పెట్టవచ్చని రాయండి. అది నిజమైన దళమో, వట్టి అలజడో తేలేదాకా కోటలోని ఆటగాడు ఆ వైపు రెండు దళాలను కదపకూడదు.

అరండల్‌పేట:
ఇది బాగుంది, నా అభ్యంతరం సగం తీరింది. అయితే కాన్‌ఫ్లాన్స్ పేటలోనే ఉండిపోతే ఆ బిళ్ళ ఎవరిది? అతనిదే అయితే కట్ట మీద ఎవరిని భయపెట్టాలి, తన కోటనా?

సత్యనారాయణపురం:
అప్పుడు బిళ్ళ ఉండదు. కట్ట మీద విడతకు ఒక్క దళమే నడవగలదన్న నియమం మాత్రం ఉంటుంది. సైన్యమంతా పేటలో ఉండగా ఫోర్డ్ తిన్నగా కోట వైపు నడిస్తే, వెనక్కి రావడానికి ఎన్ని విడతలు పడతాయో ఆ మిత్రుడినే లెక్క వేసుకోమనండి.

బందరురోడ్డు:
లెక్క వేశాను, ఆరు పడతాయి. వచ్చే ఆదివారం అతనికి మళ్ళీ ఫ్రెంచి పక్షమే ఇస్తున్నాను. అగ్గిపెట్టెలు మాత్రం తీయను, అవి లేకపోతే బల్ల బోసిగా ఉంటుంది.