8 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌కి ఇంకో 8 వేయాలా, ఊరికే డబ్బు దండగా?

వైట్‌ఫీల్డ్_వాసు:
అందరికీ నమస్తే. ఇంట్లో ఒక అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఉంది. ఐ5-8400 ప్రాసెసర్, హెచ్310 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ఒకటే స్టిక్కు, 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు లేదు, విండోస్ 10. పొద్దున మా ఆవిడ దీని మీదే ఆఫీసు పని చేస్తుంది, సాయంత్రం పాపకి స్క్రాచ్ (పిల్లల కోడింగ్) క్లాసు. టీమ్స్ కాల్‌లో ఉండగా ఎక్సెల్ తెరిచి క్రోమ్‌లోకి వెళ్తే చాలు, మౌస్ కూడా కదలదు, అవతలివాళ్ళు "హలో హలో" అంటూనే ఉంటారు. బెంగళూరులో కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకి వెళ్ళి ఇంకో 8 జీబీ తెచ్చి వేద్దామని నేను, "దానికి పెట్టే డబ్బుకి ఇంకొంచెం కలిపి లాప్‌టాప్ కొనొచ్చుగా" అని ఆవిడ. ర్యామ్ రేట్లు చూస్తే నాకూ డౌటొస్తోంది. వేస్తే నిజంగా తేడా తెలుస్తుందా?

కడపోడు_కుందలహళ్ళి:
ఆలోచించేదేముంది అన్నా, వేసెయ్. ఈ కాలంలో 8 జీబీ ఏ మూలకి? టీమ్స్, క్రోమ్ రెండే చాలు దాన్ని మింగేయడానికి.

స్వప్న_టైపింగ్:
నేనైతే ముందు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగంగా పనిచేసే డ్రైవ్) అంటాను. ఇంకా హార్డ్ డిస్క్ మీద విండోస్ నడిపిస్తున్నారంటే అసలు రోగం అదే. టాస్క్ మేనేజర్ తీసి చూడండి, డిస్క్ 100% అని ఎర్రగా ఉంటుంది, పందెం. సాటా ఎస్ఎస్‌డీ వేస్తే బూట్ అవడం, ఎక్సెల్ తెరుచుకోవడం అన్నీ మారిపోతాయి. ర్యామ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

బోర్డు_బాబాయ్:
డిస్క్ 100% కనిపించగానే డిస్క్‌దే తప్పు అనేయొద్దు స్వప్నగారూ. ర్యామ్ చాలకపోతే విండోస్ కొంత సరుకుని తీసి డిస్క్ మీద పేజ్‌ఫైల్.సిస్ అనే ఫైల్లో పెడుతుంది, మళ్ళీ కావాలంటే అక్కడి నుంచే లాక్కోవాలి, హార్డ్ డిస్క్ అయితే ఆ లాక్కోవడం దగ్గరే ప్రాణం పోతుంది. అంటే కొరత ర్యామ్‌ది, కనిపించేది డిస్క్ మీద.

వాసూ, కొనేముందు ఒక పని చెయ్. మీ ఆవిడ కాల్‌లో ఉన్నప్పుడు, అంటే నిజంగా స్టక్ అవుతున్న టైములో, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్‌కి వెళ్ళి మెమరీ నొక్కు. పైన శాతం వదిలెయ్, ఖాళీ ఎక్కువుంటే విండోస్ ఎక్కువే వాడుకుంటుంది కాబట్టి అదొక్కటే చూస్తే ఏమీ తేలదు. కింద "కమిటెడ్" అని రెండు నంబర్లు ఉంటాయి, మొదటిది ప్రోగ్రాములన్నీ కలిసి అడిగి పెట్టుకున్న మెమరీ. అది 8 దగ్గరే ఉంటే ర్యామ్ కొనక్కర్లేదు, 12, 13 దాటితే కావాలి. తర్వాత రిసోర్స్ మానిటర్ తెరిచి మెమరీ ట్యాబ్‌లో "హార్డ్ ఫాల్ట్స్" గ్రాఫ్ చూడు. పేరు చూసి ఏదో పాడైందనుకోవద్దు, డిస్క్ నుంచి వెనక్కి తెచ్చుకోవడమే అది. అక్కడే డిస్క్ ట్యాబ్‌లో ఏ ఫైలు మీద ఎక్కువ రాతకోతలు జరుగుతున్నాయో కూడా చూసి చెప్పు.

వైట్‌ఫీల్డ్_వాసు:
బాబాయ్, ఇవాళ కాల్ మధ్యలో పక్కన కూర్చుని చూశా (తిట్లు పడ్డాయి, అది వేరే సంగతి). కమిటెడ్ 14.2/17.6. అవైలబుల్ 400 ఎంబీ కూడా లేదు. హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ పైకప్పుకి తగులుతూ దిగుతోంది, డిస్క్ ట్యాబ్‌లో పేజ్‌ఫైల్.సిస్ అన్నింటికన్నా పైనుంది. డిస్క్ 100%, స్వప్నగారు చెప్పినట్టే. కానీ క్రోమ్ మొత్తం మూసేయగానే కాసేపటికి డిస్క్ 5, 6 శాతానికి పడిపోయింది, టీమ్స్ కూడా మామూలైపోయింది.

బోర్డు_బాబాయ్:
ఇంకేం, తేలిపోయింది. కాల్‌లో ఆగిపోవడానికి కారణం ర్యామే. 14 జీబీ అడుగుతున్నవాటిని 8లో ఇరికిస్తున్నావు, అందులోనూ గ్రాఫిక్స్ కార్డు లేదంటున్నావు కాబట్టి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా దీంట్లోనే వాటా తీసుకుంటుంది.

ఇంకోటి, రెండో స్టిక్కు వేస్తే డ్యూయల్ ఛానెల్ అవుతుంది, అంటే రెండు స్టిక్కులూ ఒకేసారి పనిచేస్తాయి, స్క్రీన్ పనులకి అదనంగా కొంచెం ఊపు వస్తుంది. అందుకే ఉన్న 8 తీసేసి ఒకే 16 వేయమని షాపువాడు అంటే వినొద్దు, హెచ్310 బోర్డుల్లో మామూలుగా రెండు స్లాట్లు ఉంటాయి, రెండోది ఖాళీయే కదా. వెళ్ళేముందు సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాములో ఎస్పీడీ ట్యాబ్ (స్టిక్కు వివరాలు ఉండేది) ఫోటో తీసుకో, స్పీడు 2400నో 2666నో తెలుస్తుంది. వేరే స్పీడు కలిపినా నడుస్తుంది, కాకపోతే రెండూ తక్కువదాని స్పీడుకి దిగుతాయి. డీడీఆర్3 తెచ్చావంటే మాత్రం స్లాట్లో కూర్చోదు, గాడి వేరే చోట ఉంటుంది.

రేట్ల గురించి అంటే, 2025 చివర్నుంచి మెమరీ ఎక్కడైనా మండిపోతోంది. సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురూ ఏఐ సర్వర్ల మెమరీ వైపు మళ్ళారు, మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో మనలాంటోళ్ళకి అమ్మే వ్యాపారమే ఆపేస్తున్నామంది. తగ్గేదాకా ఆగుదాం అని కూర్చుంటే ఎప్పటికో మరి.

స్వప్న_టైపింగ్:
కాల్ సంగతిలో ఒప్పుకుంటా బాబాయ్ గారూ. కానీ పొద్దున ఆన్ చేసిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా పట్టే టైముకి ర్యామ్ ఏం చెయ్యదు, అది డిస్క్‌దే. పైగా విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. వాసుగారి ఐ5-8400 ఎనిమిదో జనరేషన్, విండోస్ 11 లిస్టులో ఉంది, బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే బోర్డు సెట్టింగులు) పీటీటీ ఆన్ చేస్తే, విండోస్ 11 అడిగే టీపీఎమ్ అనే సెక్యూరిటీ కూడా సరిపోతుంది. 11 వేసుకునేటప్పుడు ఎస్ఎస్‌డీ మీదే వేసుకోండి, హార్డ్ డిస్క్ మీద వేసి మళ్ళీ ఇక్కడికే వచ్చి ఏడవొద్దు :) ఇదే ఏడో జనరేషన్ అయ్యుంటే నేను కూడా మేడమ్ గారి పార్టీయే, లాప్‌టాప్ కొనమనేదాన్ని.

కడపోడు_కుందలహళ్ళి:
నేను మొదట చెప్పిందే కదా అందరూ తిప్పి తిప్పి చెప్తున్నారు 😄 వాసన్నా, ఎస్పీ రోడ్డుకి ఆదివారం పోవద్దు, చాలా షాపులు మూసుంటాయి. కేఆర్ మార్కెట్ మెట్రోలో దిగి నడిచిపో, బండి పెట్టడానికి చోటు దొరకదు. ఇంకొకటి, అక్కడ ఒక షాపులో నాకు వాడేసిన స్టిక్కుని కొత్తదని అంటగట్టారు, బంగారు రంగు కాళ్ళ మీద గీతలు ఇంటికొచ్చాక కనబడ్డాయి. సీల్ నీ ముందే తియ్యమను, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. వేశాక రాత్రి పడుకునేముందు ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెట్టి వదిలెయ్, పొద్దున ఒక్క ఎర్రర్ ఉన్నా వెనక్కి తీసుకుపో.

వైట్‌ఫీల్డ్_వాసు:
సరే, శనివారం వెళ్తున్నా. ముందు 8 జీబీ, ఎస్ఎస్‌డీ వచ్చే నెల జీతం పడ్డాక. అప్పటిదాకా క్రోమ్‌లో మెమరీ సేవర్ (వాడని ట్యాబ్‌ల మెమరీ వదిలేసేది) ఆన్ చేసి పెట్టా, కొంచెం నయంగానే ఉంది. స్టిక్కు వేశాక అదే కాల్ టైములో కమిటెడ్, హార్డ్ ఫాల్ట్స్ మళ్ళీ చూసి ఇక్కడే పెడతా. మా ఆవిడకి ఈ థ్రెడ్ చూపించా, "లాప్‌టాప్ అన్నావిడ ఎవరో ఆవిడకి నా థ్యాంక్స్ చెప్పు" అంది. మిగతాదేదీ చదవలేదనుకుంటా.