'అధికం' ఒక్క మాటతో సరిపోదు

మొన్న ఇక్కడ ఒకరు అడిగారు: ఇంగ్లీషులోని ఓవర్‌ఫ్లో, స్పిల్, సర్‌ప్లస్, ఎక్సెస్, గ్లట్, రిడండెంట్... వీటన్నిటికీ తెలుగులో 'అధికం' అనో 'మితిమీరిన' అనో రాస్తే చాలదా అని. చాలదండీ. ఈ మాటల్లో ఒక్కటి కూడా ఎక్కువైందని మాత్రం చెప్పి ఊరుకోదు. ఆ ఎక్కువైనది ఇంకొకరికి పనికొస్తుందా, పాడైపోయిందా, మొహం మొత్తిందా అన్నది కూడా అందులోనే ఉంటుంది. మన మాటల్లోనూ ఉంటుంది. అనువాదానికి కూర్చున్నప్పుడే ఎందుకో మరిచిపోతాం.

వంటింట్లోంచి మొదలుపెడతాను. పొయ్యి మీద పాలు పొంగుతాయి. చెయ్యి తగిలి గ్లాసులో నీళ్ళు ఒలుకుతాయి. బిందె చంకన పెట్టుకుని నడుస్తుంటే తొణుకుతాయి. మోటారు ఆపడం మరిచిపోతే ట్యాంకు నిండి పొర్లుతుంది. వీటిలో పొంగడం మనకు శుభం. గృహప్రవేశం రోజు కావాలనే పాలు పొంగిస్తాం. బిడ్డకు ఉద్యోగం వస్తే తల్లి పొంగిపోతుంది. ఇంగ్లీషు 'బాయిల్ ఓవర్'కు ఈ మంచితనం లేదు. అక్కడ మనిషి బాయిల్ ఓవర్ అయ్యాడంటే కోపంతోనే. అందుకే గొడవల వార్తలో ఆ మాట వస్తే 'ఉద్రిక్తత పొంగిపొర్లింది' అని రాయకూడదు. అలాంటి చోట మన కోపం కట్టలు తెంచుకుంటేనే బాగుంటుంది.

'స్పిల్' కథ వేరు. పాత ఇంగ్లీషులో దానికి చంపడం, నాశనం చేయడం అని అర్థం. అక్కడి నుంచి రక్తం చిందించడానికి వచ్చి, తర్వాత పాలకూ నీళ్ళకూ దిగింది. మన 'ఒలకడం'లో చావు లేదు, చిన్న నష్టం ఉంది, కాస్త 'అయ్యో' ఉంది. ఆ చిన్నతనం వల్లే ఆయిల్ స్పిల్‌కు ఈ మాట చాలదు. 2010లో మెక్సికో గల్ఫ్‌లో బావి పేలి 87 రోజులు సముద్రం అడుగు నుంచి చమురు ఎగజిమ్మింది. దాన్ని 'ఒలికింది' అంటే ఎవరో సీసా తన్నేసినట్టు ఉంటుంది. మన పత్రికలు రాసే 'చమురు తెట్టు' మంచి మాటే, కానీ అది నీటి మీద తేలేదానికి పేరు, జరిగిన పనికి కాదు.

సర్‌ప్లస్ దగ్గర మన పల్లెలు ఇంగ్లీషు కంటే ముందున్నాయి. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు బయటికి దూకే కట్టడం ఉంటుంది, ఇంజనీర్లు 'సర్‌ప్లస్ వియర్' అంటారు, తెలంగాణలో మత్తడి అంటారు. అలుగు, కలుజు అనే చోట్లూ ఉన్నాయి, రాయలసీమలో మరవ అంటారు. చెరువు నిండి మత్తడి దూకిందంటే ఊరంతా చూడ్డానికి వెళ్తుంది. ఆ నీళ్ళు వృథా కావు, గొలుసుకట్టులో కింది చెరువుకు చేరతాయి. సర్‌ప్లస్ అంటే అదే, మనకు సరిపోగా మిగిలింది. అందుకే 'మిగులు బడ్జెట్', 'మిగులు జలాలు' అంత చక్కగా కుదిరాయి. కృష్ణా నీళ్ళను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చి, ఆపైన మిగిలేవి వాడుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. దశాబ్దాల వాదాలు ఆ 'మిగులు' చుట్టూనే తిరిగాయి. అక్కడ 'అధిక జలాలు' అని రాసి చూడండి, నీళ్ళ వాటా కాస్తా ముంపు అయిపోతుంది.

ఎక్సెస్ అంటే గీత దాటింది అని. విమానాశ్రయంలో మన ఆవకాయ సీసాల బరువు ఎక్సెస్ బ్యాగేజీ అవుతుంది, సర్‌ప్లస్ బ్యాగేజీ అని ఎవరూ అనరు. దీనికి మోతాదు మించడం, అతి అన్నవి సరిపోతాయి. 'ఓవర్ చేస్తున్నావ్' అంటామే, ఆ ఓవర్ ఇప్పుడు తెలుగు మాటే, 'అతి'కి తోబుట్టువు.

గ్లట్ మింగడం అనే ధాతువు నుంచి వచ్చింది. బజారు మింగలేనంత సరుకు వచ్చి పడటం. మదనపల్లె మార్కెట్‌కు టమాటా పోటెత్తి, కోత కూలి కూడా రాక రైతు పంటను రోడ్డు పక్కన పారబోస్తాడు. ఆ వార్తలో 'సమృద్ధి' అని కనబడితే నాకు బాధేస్తుంది. 'ధర పడిపోయేంత సరుకు' అని మూడు మాటల్లో రాసినా నయం. సర్ఫీట్‌కు మాత్రం వెతుక్కోనక్కర్లేదు, 'మొహం మొత్తడం' అచ్చంగా అదే.

ఇక రిడండెంట్. ఈ మాట మా ఇంటికే వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు ఇంగ్లండ్‌లో పనిచేసే కంపెనీ 'మీరు రిడండెంట్ అయ్యారు' అని ఉత్తరం ఇచ్చింది. పెద్దమ్మ నాకు ఫోన్ చేసి ఆ మాటకు అర్థం అడిగింది. నిఘంటువు 'అనవసరమైన' అంటోంది. కొడుకు అనవసరమయ్యాడని తల్లికి ఎలా చెప్తాం? 'ఉద్యోగంలోంచి తీసేశారు' అందామంటే అదీ నిజం కాదు, అందులో వాడేదో తప్పు చేశాడన్న నింద ఉంది. బ్రిటన్‌లో 1965లో దీనికోసమే ఒక చట్టం వచ్చింది. దాని లెక్కలో పోయేది పని, మనిషి తప్పేమీ లేదు, అందుకే పరిహారం ఇస్తారు. చివరికి మన ఆఫీసుల మాటే గుర్తొచ్చింది: 'పోస్టు ఎత్తేశారు పెద్దమ్మా, వాడి మీద మచ్చేం లేదు' అన్నాను. ఆమె ఊపిరి పీల్చుకుంది. నిఘంటువులో ఆ అర్థం ఎందుకు లేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

అదే మాట పెద్దమ్మ కొడుకు చేసే కంప్యూటర్ల పనిలో మెప్పు కూడా. సర్వర్లలో రిడండెన్సీ ఉండాలి, ఒకటి పోతే ఇంకొకటి అందుకోవాలి. ఎయిర్‌బస్ ఎ320 విమానంలో, నూనె ఒత్తిడితో భాగాలను కదిలించే హైడ్రాలిక్ వ్యవస్థలు మూడు పెట్టింది అందుకే. దీనికి మన వీధి భాషలో 'స్టెప్నీ' ఉంది. వేల్స్‌లోని స్టెప్నీ వీధి పేరుతో అమ్మిన స్పేర్ చక్రం పేరది, అక్కడివాళ్ళు దాదాపు మరిచిపోయారు, మన లారీ డ్రైవర్లు ఇంకా అంటున్నారు.

రిడండెంట్‌లో ఉన్నది లాటిన్ 'ఉండా', అంటే అల. అల తిరిగి తిరిగి ఒడ్డు మీదికి వచ్చి పొర్లడమే దాని మొదటి అర్థం. అబండెన్స్‌లోనూ ఇనండేట్‌లోనూ ఆ అలే ఉంది. చుట్టుముట్టడం అనుకునే 'సరౌండ్' కూడా మొదట 'పైనుంచి పొర్లడం' అనే అర్థంతోనే వచ్చింది. 'రౌండ్' లాగా వినబడటంతో గుండ్రటి అర్థంలోకి జారిపోయింది. ఒకే అల ఒకచోట సమృద్ధి, ఒకచోట ముంపు, ఇంకోచోట ఉద్యోగం పోవడం!

నాకు ఇంకా తేలనిది 'స్పిల్‌ఓవర్'. ఒక ఊళ్ళో ఫ్యాక్టరీ వస్తే పక్క ఊళ్ళకు బతుకుతెరువు దొరకడం, గబ్బిలాల వైరస్ మనుషులకు రావడం, రెండూ ఇదే మాట. రెండోదానికి 'పాకడం' సరే. మొదటిదానికి మడి నిండి పక్క మడికి నీళ్ళు వెళ్ళే పనికి ఏదైనా మాట కావాలి. మా వైపు 'ఊట' అంటాం కానీ అది గట్టు కింద నుంచి ఊరేది. గట్టు మీదుగా పారేదాన్ని మీ ఊళ్ళలో ఏమంటారో, వరి పండించే ఇళ్ళవాళ్ళు చెప్పండి.