వంటింటి అల్మరాల రంగు ఊడిపోతోంది, పైన ఇంకో పూత వేస్తే నిలుస్తుందా?

తూర్పువాకిలి:
మాది కాకినాడలో మామగారి కాలం నాటి ఇల్లు. వంటింటి అల్మరాలకు టేకు తలుపులు. వరలక్ష్మీ వ్రతంలోపు ముగిస్తానని చెప్పి, ముసురులోనే పెయింటరు తెల్ల ఎనామెల్ రెండు పూతలూ ఒకే రోజు వేసేశాడు. ఇప్పుడు పొయ్యి పక్క తలుపుల మీద రంగు పొరలుగా లేచి, అడుగున పాత ఆకుపచ్చ రంగు కనిపిస్తోంది. అవతలి వైపు తలుపులు ఇంకా జిగటగానే ఉన్నాయి, మూస్తే చట్రానికి అతుక్కుంటున్నాయి. ఇంకో పూత వేస్తే సర్దుకుంటుందని అతను అంటున్నాడు. అంత మంచి టేకు ఇలా అయినందుకు ప్రాణం ఉసూరుమంటోంది.

కుంచెపట్టు:
అమ్మా, మూడో పూత వేయనివ్వకండి. ఎనామెల్ ఆరడమంటే టర్పెంటైన్ ఎగిరిపోవడం ఒక్కటే కాదు, అది గాలిలోని ఆక్సిజన్ తీసుకుని గట్టిపడాలి. దట్టంగా వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ముసురు పడితే మరీ ఆలస్యం.

మీ తలుపులవి రెండు వేరు వేరు జబ్బులు. జిగటగా ఉన్నవాటిని బందుల నుంచి విప్పి, ఫ్యాను గాలిలో కొన్నాళ్లు నిలబెట్టండి. ఎండలో పెడితే పైపొర ముడతలు పడుతుంది. ఆ తర్వాత కూడా గోరు దిగితే గీకించడమే మార్గం. పొయ్యి పక్కవాటికి మాత్రం కారణం ఏళ్ల తరబడి పట్టిన పోపు జిడ్డు. బట్టల సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, మంచినీళ్లతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. లేచిన రంగు తీసేసి, గుంటలకు లప్పం పెట్టి, 220 నంబరు గరుకు కాగితంతో నునుపు చేసి ప్రైమర్ (రంగు పట్టడానికి అడుగున వేసే పూత) వేయించండి. ఆపైన పలుచగా రెండు పూతలు, నడుమ కనీసం ఒక రోజు. కడగకుండా ప్రైమర్ డబ్బా మూత తీసే మనిషికి పని ఇవ్వకండి.

గోదారిగట్టు:
ఆ ఆకుపచ్చ రంగు విషయంలో జాగ్రత్త, అక్కా. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా రుద్దనివ్వకండి. తడిపి, నీటిలో వాడే గరుకు కాగితంతో రుద్దించండి. రాలినదాన్ని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి. పిల్లలను అటు రానివ్వకండి.

తూర్పువాకిలి:
మా మనవరాలు ఇప్పుడిప్పుడే పాకుతోంది. ఈ పని జరిగినన్నాళ్లూ దాన్ని అమ్మమ్మగారింటికి పంపిస్తాం. లోపలి అరలకూ ఇదే తెల్ల ఎనామెల్ వేయించవచ్చా?

కుంచెపట్టు:
వద్దమ్మా. వెలుతురు తగలని చోట నూనె ఎనామెల్ తెలుపు పసుపు తిరుగుతుంది. అరలకు ప్రైమర్ మీద నీటితో కలిపే ఎనామెల్ వేయించండి. చేతికి ఆరినట్టే ఉన్నా పూర్తిగా గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా పప్పుల డబ్బాలు ఎక్కించకండి, న్యూస్‌పేపరు కూడా పరచకండి, అతుక్కుపోతుంది.